కడపలో పుప్పొడి లెక్క ఎక్కడ చూడాలి? విశాఖ అంచనా మనకు పనికొస్తుందా?

బుగ్గవంక గట్టు (కడప)
అందరికీ నమస్కారం. మే నెలలో విశాఖపట్నం నుంచి బదిలీ మీద కడపకు వచ్చినాం. మా వాడికి తొమ్మిదేళ్లు. విశాఖలో చలి మొదలయ్యేటప్పుడు నాలుగు రోజులు తుమ్మేవాడు, అంతే. ఇక్కడ వినాయక చవితికి మొదలైంది, ఇంకా ఆగలేదు. పొద్దున లేస్తూనే వరసగా పది పన్నెండు తుమ్ములు. ముక్కు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. కళ్లు నలిపి నలిపి ఎర్రగా చేసుకుంటాడు. జ్వరం మాత్రం లేదు. ఒక క్లినిక్కులో రెండుసార్లు యాంటీబయాటిక్ రాసిచ్చినారు, రెండుసార్లూ గుణం కనపడలేదు.

ఫోన్లో వాతావరణం యాప్ ఉంది. అందులో పుప్పొడికి ఒక గడి ఉంటుంది. ఊరు కడపకు మార్చి చూస్తే "చెట్లు తక్కువ, గడ్డి తక్కువ" అంటుంది. అదే రోజు వీడు బడికి పోలేక పడుకున్నాడు. గాలి నాణ్యత సూచీ చూస్తే అదీ పచ్చగానే ఉంది. పిల్లోడి ముక్కుకు తెలిసింది వీటికి ఎందుకు తెలియడం లేదు? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

విశాఖలో సీమోడు (విశాఖపట్నం)
అక్కా, మాది ప్రొద్దుటూరు. పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నా, వాతావరణ లెక్కలతోనే నా ఉద్యోగం. యాప్ చూపే సంఖ్య మీ ఊళ్లో ఎవరో కొలిచింది కాదు. ఏ ప్రాంతంలో ఏ మొక్కలు ఉంటాయో చూపే పటం, దాని మీద ఉష్ణోగ్రత, వాన, గాలి, తేమ వేసి కంప్యూటర్ కట్టిన అంచనా అది. ఐరోపాలో ఇలాంటి అంచనా బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ దశాబ్దాలుగా కొలిచిన లెక్కలు వెనకాల ఉన్నాయి. వాళ్ల కోపర్నికస్ అనే వాతావరణ సేవ బర్చ్, ఓలివ్, ఆల్డర్, రాగ్‌వీడ్ లాంటి ఆరు రకాలకు నాలుగు రోజుల ముందు చెప్తుంది. కడపలో బర్చ్ చెట్టు ఎక్కడుంది? మన కంపచెట్టు, మన వయ్యారిభామ కలుపు వాళ్ల జాబితాలో లేవు.

విశాఖ అంచనా కడపకు పెట్టుకుంటే ఇంకా తప్పు. ఇక్కడ పగలు పొద్దెక్కగానే సముద్రపు గాలి లోపలికి వస్తుంది. సముద్రం మీద చెట్లు లేవు కదా, ఆ గాలి శుభ్రంగా ఉంటుంది, ఊళ్లో లేచిన పుప్పొడిని పలచబరుస్తుంది. రాత్రి నేల గాలి తిరిగి సముద్రం వైపు తోస్తుంది. అలా పోయినదాంట్లో కొంత మరుసటి రోజు వెనక్కి రావడమూ ఉంది. తేమ ఎక్కువ కాబట్టి రేణువు నీరు పీల్చి బరువెక్కుతుంది, ఎక్కువ దూరం పోదు. కడపకు ఇవేవీ లేవు. మూడు వైపులా కొండలు, మధ్యలో గిన్నె మాదిరి ఊరు. గాలి కదలని రాత్రుల్లో పైకి లేచిందంతా నేల దగ్గరికే దిగుతుంది. మీ వాడు పొద్దున్నే తుమ్మడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అయ్యవారు (కడప, విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు)
అమ్మా, గాలి నాణ్యత సూచీ గురించి ముందు చెప్తాను. చాలామంది ఇక్కడే పొరబడతారు. మన దేశపు సూచీ ఎనిమిది కాలుష్యాలను లెక్కిస్తుంది. అందులో ధూళి అంటే పిఎం 10, పిఎం 2.5. పిఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పుప్పొడి రేణువులు ఎక్కువగా దానికన్నా పెద్దవి. వయ్యారిభామ రేణువే 15 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది, గడ్డి జాతివి 20 నుంచి 40 దాకా, మొక్కజొన్నది 80 పైన. అంటే ఆ యంత్రం జల్లెడలో ఇవి పడనే పడవు. సూచీ పచ్చగా ఉందంటే పొగ, సన్న ధూళి తక్కువ అని మాత్రమే అర్థం.

ఇక పుప్పొడిని కొలిచే పద్ధతి. 1952లో హిర్స్ట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చేసిన పరికరం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. నిమిషానికి 10 లీటర్ల గాలి పీలుస్తుంది, మనిషి తీసుకునే ఊపిరికి దగ్గరగా. లోపల జిగురు పూసిన పట్టీ ఒక డోలు మీద చుట్టి ఉంటుంది. అది గంటకు 2 మిల్లీమీటర్లు తిరుగుతుంది, ఒక చుట్టు పూర్తవడానికి 7 రోజులు. పట్టీని తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్క రేణువునూ గుర్తుపట్టి లెక్కపెట్టాలి. రోజుకు 14.4 ఘనమీటర్ల గాలి దాని గుండా పోతుంది కాబట్టి, ఘనమీటరుకు ఎన్ని అని భాగిస్తారు.

అంటే "ఈరోజు పుప్పొడి లెక్క" అని వచ్చేది నిజానికి నిన్నటిదో మొన్నటిదో. రేపటిది చెప్పాలంటే కొన్నేళ్ల లెక్కలు చేతిలో ఉండాలి, ఆ ఏడాది పూత ఎప్పుడు మొదలైందో తెలియాలి, వాతావరణం కలపాలి. స్విట్జర్లాండు 2023 నుంచి దేశమంతా తానే గుర్తుపట్టే యంత్రాలు పెట్టి గంటగంటకూ ఇస్తోంది. మన దేశంలో చండీగఢ్‌కు అక్కడి పీజీఐ ఆసుపత్రి వైద్యులు, పంజాబ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి పుప్పొడి క్యాలెండరు తయారుచేసినారు. ఏ నెలలో ఏ మొక్క పుప్పొడి గాలిలో ఉంటుందో అందులో ఉంది. మనకు మొదట కావలసింది అదే. యాప్ తర్వాత సంగతి.

అనంత ఎర్రనేల (అనంతపురం)
ఇంత లెక్క అవసరమా అయ్యవారూ? రోడ్డు నడుమ పెట్టిన చెట్లు కొట్టేస్తే సగం పోతుంది. మా వీధిలో పచ్చతురాయి పూసినప్పుడు నేలంతా పసుపు పరిచినట్టు ఉంటుంది. ఆ దుబాయి చెట్లు సరేసరి. విశాఖలో ఏడాకుల పొన్న మీద కూడా జనం గొడవ చేసినారు కదా.

అయ్యవారు (కడప)
నాయనా, కంటికి కనపడే పువ్వు వేరు, ముక్కుకు తగిలే పువ్వు వేరు. రంగు, వాసన, తేనె ఉన్న పువ్వు తేనెటీగ కోసం పూస్తుంది. దాని పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. చెట్టు కింద కూర్చునేవాడికి తగలొచ్చు, వీధి దాటి పోవడం కష్టం. గాలిని నమ్ముకున్న మొక్కకు ఆకర్షణ అక్కరలేదు. గడ్డి, జొన్న, ముళ్ల తోటకూర, ఆముదం, సరుగుడు పువ్వులను ఎవరూ పువ్వులనే అనుకోరు. కానీ పుప్పొడిని పొట్లాలు పొట్లాలుగా గాలికి వదిలేవి అవే. అట్లాగే జిల్లేడు కాయ పగిలి ఎగిరే దూది పుప్పొడి కాదు, విత్తనం. దాన్ని చూసి భయపడే తల్లులు చాలామంది.

కోనోకార్పస్‌ను, అదే మీ దుబాయి చెట్టును, గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటొద్దంది. దాని అలర్జీ మీద శాస్త్రవేత్తల్లోనే ఇంకా వాదన ఉంది. కొత్తగా నాటకుండా ఉండటం నాకూ సమ్మతమే. కానీ ఉన్న నీడ కొట్టేసి అనంతపురం ఎండలో నిలబడమనడం నాకు సమ్మతం కాదు.

విశాఖలో సీమోడు (విశాఖపట్నం)
ఏడాకుల పొన్న సంగతి నేను దగ్గరుండి చూసినా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఊళ్లో చెట్లన్నీ పోయినాయి. తర్వాత తొందరగా పెరుగుతుందని ఈ చెట్టును వీధి వీధినా పెట్టినారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రాత్రిపూట ఆ వాసన తట్టుకోలేక కిటికీలు మూసుకునేవాళ్లం. ఊపిరి ఆడటం లేదని ఫిర్యాదులూ వచ్చినాయి. అయితే ఘాటు వాసనకు ముక్కు మండటం, పుప్పొడికి శరీరం ఎదురుతిరగడం రెండూ ఒకటి కాదు. అక్కా, మీ వాడికి అక్కడ చలికాలం ముందు వచ్చిన తుమ్ములకు ఆ వాసన కూడా కారణమై ఉండొచ్చు.

కమలాపురం పిల్లోడు (కడప జిల్లా)
నేను బీఎస్సీ బోటనీ రెండో ఏడు. కంపచెట్టు గురించి ఎవరూ చెప్పలేదే అని రాస్తున్నా. ఆ చెట్టు, అదే సర్కారు తుమ్మ, మన దేశానికి వచ్చింది మా ఊరి పేరు మీదే. 1876లో మద్రాసు ఉత్తర మండలం అటవీ అధికారి బెడోమ్ విత్తనాలు కావాలని అడిగితే, 1877లో కమలాపురం నేలల్లో నాటినారు. కట్టెల కరువు తీరుతుందని. అక్కడి నుంచి సీమంతా పాకింది. మా జేజి ఆ కట్టెలతోనే వంట చేసింది, బొగ్గులు అమ్మి మా నాయనను చదివించింది. అందుకని ఆ చెట్టును తిట్టాలంటే నాకు నోరు రాదు. కానీ దాని పుప్పొడి అలర్జీ తెస్తుందని మన దేశంలో పరీక్షలు చేసి తేల్చిన మాట నిజం. చలి తగ్గేటప్పుడు ఒకసారి, వానలు వెనకబట్టేటప్పుడు ఇంకోసారి పూస్తుంది. పెన్నా పొడుగునా, చెరువు కట్టల మీద, రైలు పట్టాల పక్కన అదే కదా.

పచ్చజొన్న (ఆలూరు, కర్నూలు జిల్లా)
రైతు మాట ఒకటి చెప్తా. వేరుశెనగ పూత వల్ల తుమ్ములని మా పక్క అంటుంటారు. వేరుశెనగ పువ్వు తనలో తానే కట్టుకుంటుంది, గాలికి ఏమీ వదలదు. తుమ్ములు వచ్చేది కాయ కొట్టేటప్పుడు లేచే దుమ్ముకు, బూజుకు. జొన్న అట్లా కాదు. రబీ జొన్న కంకి ఈనినాక తెల్లారుజామున చేలోకి పోతే భుజాల మీద పసుపు పడుతుంది. పూత ఎక్కువగా విప్పేది నడిరేయి దాటినాక, పొద్దు పొడిచే వేళకు. మా అన్నకు ఆ రోజుల్లో పిల్లికూతలు. ఇప్పుడు నీళ్లు కట్టే పని వాళ్ల అబ్బాయి చూసుకుంటాడు, అన్న ఎండ ఎక్కినాక పోతాడు. మేము ఏ యాప్ చూడలేదు. కంకి చూసినాం.

అయ్యవారు (కడప)
పచ్చజొన్న గారూ, మీరు చెప్పిందే అసలైన అంచనా. పూత దశ చూసి, వేళ చూసి, మనిషిని పక్కకు తప్పించినారు.

చెవి-ముక్కు-గొంతు (కర్నూలు)
నేను వైద్యుణ్ని. పిల్లవాణ్ని చూడకుండా మందు పేరు చెప్పను, కానీ కొన్ని సంగతులు తెలిసుంటే మీరు డాక్టరు దగ్గర సరైన ప్రశ్నలు వేయగలరు.

జ్వరం లేదు, దురద ఉంది, నీళ్ల మాదిరి కారుతోంది, వారాల తరబడి ఉంది. ఇది జలుబు కన్నా అలర్జీకి దగ్గర. అలర్జీకి యాంటీబయాటిక్ పనిచేయదు. దేనికి అలర్జీ అన్నది ఊహించే బదులు చర్మపరీక్ష చేయించండి. ముంజేతి మీద ఒక్కొక్క పుప్పొడి సారం చుక్క వేసి, చిన్నగా గుచ్చి, 15 నుంచి 20 నిమిషాల్లో దద్దు ఎంత లేచిందో చూస్తారు. దానికి ముందు వారం రోజులు తుమ్ముల మాత్రలు ఆపాల్సి ఉంటుంది. ఎన్నాళ్లు ఆపాలో మీ డాక్టరును అడిగి ఆపండి. ఇంట్లో పరుపుల్లో ఉండే దుమ్ము పురుగుకు కూడా అదే రోజు పరీక్ష చేయమనండి. విశాఖ తేమలో ఆ పురుగు బాగా పెరుగుతుంది. మీ వాడికి అక్కడ ఒకటి, ఇక్కడ ఇంకోటి కారణం కావచ్చు.

ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఇస్తే భయపడకండి, కానీ ఒక పూటలో గుణం కనపడలేదని ఆపకండి. పూర్తి ఫలితానికి రోజులు పడుతుంది. పూత కాలం ఎప్పుడో తెలిసినవాళ్లు ఒకటి రెండు వారాల ముందే మొదలుపెడితే మేలు. క్యాలెండరు విలువ ఇక్కడే తెలుస్తుంది. కొట్టేటప్పుడు మొనను ముక్కు నడిమి గోడ వైపు కాకుండా బయటి వైపు, అదే పక్క చెవి వైపు తిప్పాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొడితే అదే కుదురుతుంది. ఉప్పునీటితో ముక్కు కడిగేటట్లయితే కాచి చల్లార్చిన నీళ్లే వాడండి.

ఛాతీలో పిల్లికూతలు గానీ, రాత్రి దగ్గు గానీ ఉంటే ఆలస్యం చేయొద్దు. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారి.

బుగ్గవంక గట్టు (కడప)
డాక్టరు గారూ, మీకు చాలా రుణపడి ఉన్నాను. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పరీక్షకు తేదీ తీసుకున్నాం.

ఇంకో సంగతి. అయ్యవారి మాట చదివినాక మిద్దె ఎక్కి చుట్టూ చూసినా. మా ఇంటికి పడమర పక్క ఖాళీ స్థలం ఉంది, నాలుగు ప్లాట్లంత. క్యారెట్ ఆకు మాదిరి ఆకులు, పైన చిన్న చిన్న తెల్ల పూలు, నడుము ఎత్తు. ఇన్నాళ్లూ ఏదో పచ్చదనంలే అనుకున్నా. వీడి గది కిటికీ ఆ పక్కకే.

అయ్యవారు (కడప)
అదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. 1955 ప్రాంతంలో పుణెలో మొదట కనపడింది, ఇప్పుడు లేని ఊరు లేదు. మొలిచిన నెలకే పూతకొస్తుంది, తడి ఉన్నంత కాలం పూస్తూనే ఉంటుంది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పుప్పొడే కాదు, ఆకు తగిలినా కొందరికి చర్మం దద్దురులేస్తుంది. నైరుతి గాలి కాలంలో మీకు పడమర స్థలం అంటే నేరుగా మీ కిటికీలోకే.

పూతకు ముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ, ఒంటి నిండా బట్టలు ఉండాలి. మీ వాణ్ని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు, ఎవరింటికన్నా పంపండి. పూత ఉన్నవి దులపకుండా గోతిలో వేసి పూడ్చండి. పీకిన చోట తగిరిస విత్తనాలు చల్లితే దాన్ని మళ్లీ లేవనివ్వదు. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలిన ఒక పెంకుపురుగు ఉంది, వయ్యారిభామ ఆకులే దాని తిండి. వానాకాలంలో ఆకుల మీద మీగడ రంగు వీపు, ముదురు గీతలు ఉన్న చిన్న పురుగులు కనపడితే మందు కొట్టి చంపొద్దు.

అనంత ఎర్రనేల (అనంతపురం)
నాదొక అనుమానం. వాన పడితే పుప్పొడి కడుక్కుపోతుంది కదా. మరి మా ఆవిడకు వేసవిలో ఉరుములతో వాన వచ్చే ముందే ఊపిరి బిగుస్తుంది. ఎందుకు?

విశాఖలో సీమోడు (విశాఖపట్నం)
అన్నా, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. నిదానంగా గంటసేపు కురిసే వాన కడిగేస్తుంది, నిజమే. ఉరుముల వాన వేరు. ముందొచ్చే ఈదురు గాలి నేల మీద ఉన్నదంతా పైకి లేపుతుంది. ఆ తేమకు రేణువు నీళ్లు పీల్చి పగులుతుంది. మామూలుగా ముక్కులోనే ఆగిపోయేంత పెద్దది, పగిలినాక సన్నటి తునకలై ఊపిరితిత్తుల దాకా పోతుంది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఒక్క సాయంత్రంలో వేలమంది ఆసుపత్రులకు పరుగెత్తినారు, ప్రాణాలు పోయినాయి. అందులో అంతకు ముందు ఆస్తమా అని తెలియనివాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం ఉరుముల ఆస్తమాకు ముందస్తు హెచ్చరికలు మొదలుపెట్టింది.

మన మామిడి జల్లుల ముందు ఎర్ర దుమ్ము లేచి, మబ్బు నల్లబడితే వదినను లోపల ఉండమనండి, కిటికీలు వేయండి, వాన నిదానించినాక తీయండి. ఇన్‌హేలర్ రాసిచ్చి ఉంటే చేతికందేటట్టు పెట్టుకోమనండి. దుమ్మే కారణం కావచ్చు, పుప్పొడే కావచ్చు, చేయాల్సింది మాత్రం ఒకటే.

కమలాపురం పిల్లోడు (కడప జిల్లా)
మనమే కొలుద్దామా? హిర్స్ట్ పరికరం మనవల్ల కాదు గానీ, అద్దం పలక పద్ధతి ఉంది కదా అయ్యవారూ.

అయ్యవారు (కడప)
ఉంది, చేయండి. స్లైడు మీద పల్చగా వాజలీన్ పూసి, మిద్దె మీద నేలకు మనిషి ఎత్తున, వాన పడకుండా పైన ఒక రేకు అడ్డం పెట్టి, సరిగ్గా 24 గంటలు ఉంచండి. తీసి సఫ్రనిన్ రంగు ఒక చుక్క వేస్తే పుప్పొడి ఎర్రబారుతుంది, దుమ్ము మామూలుగానే ఉంటుంది. 400 రెట్లు పెంచే మైక్రోస్కోపు చాలు. ఒక చదరపు సెంటీమీటరులో ఎన్ని రాలినాయో లెక్కపెట్టండి. ఇది నేల మీద రాలిన లెక్క. గాలిలో ఘనమీటరుకు ఎన్ని అని దీన్నుంచి చెప్పకూడదు, ఆ తప్పు చేయొద్దు. కానీ ఏ వారం ఏ మొక్క మొదలైంది, ఏ వారం తగ్గింది అన్నది తెలుస్తుంది.

గుర్తులు చెప్తా. గడ్డి జాతిది నున్నటి గుండు, ఒకే ఒక్క రంధ్రం. వయ్యారిభామది చుట్టూ ముళ్లున్న బంతి. తోటకూర జాతిది ఒళ్లంతా గుంటలు. సరుగుడుకు మూడు రంధ్రాలు. నల్లతుమ్మది చూస్తే మరిచిపోరు, 16 రేణువులు అతుక్కొని ఒకే బిళ్లగా ఉంటాయి. అంత బరువు కాబట్టే దూరం పోదు. ముందు మీ ఊళ్లో పూస్తున్న మొక్కల నుంచే నేరుగా తీసి స్లైడ్లు చేసి పెట్టుకోండి, పోల్చుకోవడానికి.

పచ్చజొన్న (ఆలూరు, కర్నూలు జిల్లా)
నాకు మైక్రోస్కోపు లేదు. ప్రతి ఆదివారం మా చేల గట్ల మీద ఏది పూసిందో ఫోటో తీసి ఇక్కడ పెడతా. అది చాలా?

అయ్యవారు (కడప)
చాలు. అది లేకుండా స్లైడు చదవలేం.

బుగ్గవంక గట్టు (కడప)
మూడు వారాలైంది, చెప్పాలనిపించి వచ్చినా. పరీక్షలో వయ్యారిభామకు పెద్ద దద్దు లేచింది, దుమ్ము పురుగుకు చిన్నది, కంపచెట్టుకు ఏమీ లేదు. పక్క స్థలం వాళ్ల ఫోన్ నంబరు దొరకలేదు. వీధిలో ఆరిళ్లవాళ్లం కలిసి, తొడుగులు కొనుక్కొని, రెండు ఆదివారాలు పీకినాం. సగం పూర్తయింది. మిగతా సగం పూతకొచ్చేసింది, దాన్ని పూడ్చాలి. వీడికి స్ప్రే నడుస్తోంది. తుమ్ములు పోలేదు, కానీ నిన్న రాత్రంతా లేవకుండా పడుకున్నాడు. నేనూ పడుకున్నా.

మిద్దె మీద స్లైడు పెట్టడం వాడే నేర్చుకున్నాడు. పీకక ముందు పెట్టిన స్లైడు, పీకినాక పెట్టింది, రెండూ అయ్యవారి దగ్గరికి తీసుకుపోయినాం. ముళ్ల బంతులు రెండింటిలోనూ ఉన్నాయి, రెండో దాంట్లో తక్కువ. "ఇంకా యాడి నుంచి వస్తున్నాయి?" అని అడుగుతున్నాడు. బ్రౌన్ గ్రంథాలయం వైపు పోయే దారిలో ఇంకో ఖాళీ స్థలం చూపించినాడు.

అయ్యవారు (కడప)
ఆ పిల్లవాడికి నా పాత చేతి అద్దం ఇచ్చినాను. రేపటి నుంచి రెండో స్లైడు తూర్పు పక్క పెట్టమను తల్లీ. గాలి తిరిగే కాలం వచ్చింది, ఈశాన్యం మొదలైతే ఇప్పటిదాకా పడమర నుంచి వచ్చింది అటు నుంచి రాదు.

అనంత ఎర్రనేల (అనంతపురం)
మా మిద్దె మీద కూడా నాలుగు రోజులు పెట్టినా. డబ్బాలో దూది వేసి సర్దినా, రేపు ఆర్టీసీ పార్సిల్‌లో కడపకు వేస్తా. రంగు వేయలేదు, సఫ్రనిన్ ఇక్కడ దొరకలేదు. మూడో స్లైడు రోజు గాలి గట్టిగా వీచింది, దాని మీద ఎర్రమట్టి ఎక్కువ ఉంటుంది, చూసుకోండి.